రివాల్వరా, పిస్టలా? లైసెన్సు చేతికొచ్చాక మనవాళ్ళు అడిగే ప్రశ్న



పోయిన నెల ఒక ఆదివారం సంఘం ఆఫీసులో చందాల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే మన సభ్యుడొకాయన వచ్చాడు. బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు కుట్టించే చిన్న యూనిట్ ఆయనది. శనివారం కూలి డబ్బులు పంచాక మిగిలినది సంచిలో పెట్టుకుని రాత్రి స్కూటర్ మీద ఇంటికి పోతాడు. రెండేళ్ళ కిందట దారిలో ఇద్దరు అడ్డగించి సంచి లాక్కుపోయారు. ఎడమచేతి మీద కత్తిగాటు ఇప్పటికీ కనపడుతుంది. అప్పటినుంచి లైసెన్సు కోసం తిరిగి తిరిగి, చివరికి మంజూరు చేయించుకున్నాడు. నా ముందు కాగితం పెట్టి, "సార్, రివాల్వర్ తీసుకునేదా, పిస్టల్ తీసుకునేదా? యాది మేలు? దుకాణమాయన పిస్టల్ అంటాండాడు, మా బామ్మర్ది రివాల్వర్ అంటాండాడు" అని అడిగాడు.

నన్నే ఎందుకు అడిగాడంటే, నేను గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. అందులో ఏడేళ్ళు ఒక జిల్లా కార్యాలయంలో ఆయుధాల లైసెన్సుల ఫైళ్ళు నా బల్ల మీదనే నడిచాయి. నేను తుపాకీ వీరుణ్ణి కాను. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో .22 రైఫిల్ పేల్చడం వరకే నా విద్య. కానీ తుపాకీ కొన్న ఇళ్ళలో తర్వాత ఏం జరిగిందో చాలా ఫైళ్ళలో చదివాను, ఒకటి మా ఇంట్లోనే చూశాను. ఆ రోజు ఆయనకు గంటన్నర చెప్పినది మిగతా సభ్యులకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం వైపు మనవాళ్ళకు కూడా చట్టం ఒకటే, సామాను ఒకటే.

ముందు రెండింటికీ తేడా ఏమిటో చూద్దాం. సినిమాల్లో చూసి చాలామంది చిన్న తుపాకీని దేన్నయినా పిస్టలనే అంటారు.

రివాల్వర్‌కు మధ్యలో గుండ్రటి సిలిండర్ ఉంటుంది. అందులో మామూలుగా ఆరు అరలు, అరకొక తూటా. ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ ఒక అర తిరిగి, తూటా గొట్టానికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. వెనక ఉన్న సుత్తి పడి పేలుతుంది. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1836లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. సొగసులు మారాయి గానీ ప్రాణం అదే. తిప్పేదీ లేపేదీ అంతా మీ వేలి బలమే. అందుకే ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. సుత్తిని బొటనవేలితో ముందే వెనక్కి లాగి పెడితే ట్రిగ్గర్ తేలికవుతుంది.

పిస్టల్‌లో తూటాలు పిడి లోపల మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి ఉంటాయి. .32లో సాధారణంగా ఏడెనిమిది. పైన స్లైడ్ అనే ఇనుప తొడుగును ఒకసారి వెనక్కి లాగి వదిలితే మొదటి తూటా గొట్టం మొదట్లో ఉన్న అరలోకి ఎక్కుతుంది. పేలినప్పుడు ఆ దెబ్బకే స్లైడ్ వెనక్కి పోయి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, వచ్చేటప్పుడు తర్వాతి తూటాను ఎక్కించుకుంటుంది. మీరు నొక్కుతూ పోవడమే. ఈ చిన్న పిస్టళ్ళ .32 తూటా 1899 నాటిది, జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా ఆయన రూపొందించినది. బెల్జియంలో తయారైన పిస్టల్‌తో అది బజారుకొచ్చింది.

చదివితే పిస్టలే మేలనిపిస్తుంది. పలచగా ఉంటుంది, నడుము దగ్గర ఉబ్బెత్తుగా కనపడదు, తూటాలు ఒకటి రెండు ఎక్కువ, ట్రిగ్గర్ తేలిక, మళ్ళీ నింపడం చిటికెలో పని. పోలీసుల దగ్గర, సైన్యం దగ్గర ఉండేది అదే కదా అని దుకాణమాయన చెప్పే మాటా అబద్ధం కాదు. కానీ వాళ్ళకు దాన్ని చేతిలో పట్టి నేర్పించేవాడు ఉన్నాడు, ఏటా పేల్చి చూసుకునే మైదానం ఉంది. మనకు ఆ రెండూ లేవు.

ఇక్కడ మా మేనమామ సంగతి చెప్పాలి. ఆయన పత్తి దళారీ. పాతకాలపు విదేశీ .32 పిస్టల్ ఒకటి ఉండేది, లైసెన్సుతోనే. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. దసరాకు ఆయుధపూజ అని ఉదయం దాన్ని తుడవడానికి కూర్చున్నాడు. మ్యాగజైన్ లాగేశాడు. తూటాలు ఒక్కొక్కటే తీసి స్టీలు పళ్ళెంలో వేశాడు, మేము పిల్లలం లెక్కపెట్టాం. "ఖాళీ అయింది, చూడండ్రా" అని గోడవైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కాడు. పేలింది. గుండు చెక్క బీరువా తలుపులోంచి దూరి, వెనక పలక కూడా దాటి గోడకు తగిలింది. ఆ బీరువాలో మా అత్త పట్టుచీరలు తీస్తూ ఉండాల్సింది. అప్పుడే పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పోయింది. అంతే తేడా. మామ ఆ పళ్ళెం పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాడు. పూజ జరగలేదు.

ఏం జరిగిందో నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. మ్యాగజైన్ తీస్తే మ్యాగజైన్ ఖాళీ అవుతుంది, పిస్టల్ ఖాళీ కాదు. అంతకుముందు ఎప్పుడో స్లైడ్ లాగి ఉంటే ఒక తూటా పైన అరలో కూర్చుని ఉంటుంది. బయటికి కనపడదు. మ్యాగజైన్ తీశాక స్లైడ్ వెనక్కి లాగి, ఆ తూటాను బయటికి పడేసి, లోపల కన్నుపెట్టి, వేలుపెట్టి చూసుకుంటేనే ఖాళీ. కొన్ని పిస్టళ్ళు మ్యాగజైన్ లేకపోతే పేలని ఏర్పాటుతో వస్తాయి, చాలావాటికి అది ఉండదు. ఇదంతా ఒకసారి వింటే ఎవరికైనా తెలుస్తుంది. ఏడాదికి ఒకసారి, అదీ పండగనాడు, పిల్లల మధ్య కూర్చుని తీసేవాడికి ఆ క్రమం గుర్తుంటుందా అన్నదే ప్రశ్న.

రివాల్వర్‌లో ఈ దాపరికం లేదు. మన దేశంలో తయారయ్యే .32 రివాల్వర్లలో ఎక్కువ భాగం పైన గొళ్ళెం తీస్తే నడుం విరిచినట్టు ముందుకు వంగుతాయి. ఆరు అరలూ ఒక్కసారే కనపడతాయి. ఉంటే ఉన్నాయి, లేకపోతే అవతలి వెలుతురు కనపడుతుంది. చదువుకోని ముసలామె కూడా చూసి చెప్పగలదు. కాన్పూరులో తయారైన 'నిర్భీక్' ఆ తరహాదే. 2014లో ఆడవాళ్ళ ఆత్మరక్షణకని చెప్పి విడుదల చేశారు. టైటానియం మిశ్రమంతో చేసి బరువు 500 గ్రాములకు తెచ్చారు. అప్పటి ధర 1.22 లక్షలు. ఆడవాళ్ళ రక్షణకు లక్షా ఇరవై వేలా అని అప్పట్లో చాలామంది మండిపడ్డారు, నాకూ అదే అనిపించింది. ఆయుధ కర్మాగారాలను 2021 అక్టోబరులో ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఈ పని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే కంపెనీకి వచ్చింది. వాళ్ళే 2023లో 'ప్రబల్' అని తెచ్చారు. దానికి సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బరువు 700 గ్రాములు. 50 మీటర్ల దూరం కొడుతుందని ప్రకటించారు. వెబ్లీ అండ్ స్కాట్ అనే ఇంగ్లీషు కంపెనీ కూడా ఉత్తరప్రదేశ్ హర్దోయి జిల్లాలో .32 రివాల్వర్ తయారీ పెట్టింది. పిస్టళ్ళలో ప్రభుత్వ కర్మాగారాల 'అశని' .32దే. పోలీసుల దగ్గర చూసే 9 మి.మీ. రకం మామూలు పౌరుడికి నిషేధం, దాని గురించి అడగడం కూడా దండగ.

50 మీటర్ల మాటకు మన సభ్యుడి కళ్ళు మెరిశాయి. నేను ఆయన్ను సంఘం ఆఫీసు వరండాలోకి తీసుకుపోయి, వీధి చివర పాలబూత్ చూపించి, సుమారు అంత దూరం అన్నాను. అక్కడ నిలబడ్డవాడు మీ సంచి లాక్కోగలడా? లాక్కోలేడు. వాడి మీద పేల్చి ఆత్మరక్షణ అంటే ఏ జడ్జీ అయినా మొదట అడిగేది అదే. మీ చేయి కోసినవాడు అర గజం దూరంలో ఉన్నాడు. ఆత్మరక్షణ ఆయుధం లెక్కంతా ఆ అర గజంలోనే ఉంది.

ఇక పేలకపోతే సంగతి. మన దగ్గర తూటాలు లైసెన్సులో రాసిన పరిమితిలోనే కొనాలి. పాతిక కొంటారు, బీరువాలో పెడతారు. పదేళ్ళు ఎండలు కాస్తాయి, వానలు కురుస్తాయి. ఆ తూటాల్లో ఒకటి పేలకపోవడం వింత కాదు. రివాల్వర్‌లో ఒకటి పేలకపోతే మళ్ళీ నొక్కడమే. సిలిండర్ తిరిగి కొత్త తూటా వస్తుంది. పిస్టల్‌లో పేలకపోతే రెండో చేత్తో స్లైడ్ లాగి చెడ్డదాన్ని బయటికి విసరాలి. ఖాళీ తొడుగు సగం బయటికొచ్చి స్లైడ్‌లో ఇరుక్కుంటే ఇంకా చిక్కు. పట్టు వదులుగా ఉన్నవాళ్ళ చేతుల్లో పిస్టళ్ళు ఇట్లా ఇరుక్కోవడం ఎక్కువ. ఎందుకంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోవాలంటే మణికట్టు గట్టిగా నిలవాలి. వణికే చేతికి అది కుదరదు.

రివాల్వర్ ఎప్పుడూ మొరాయించదని కాదు. మందు చెడిపోయిన తూటా 'తుస్సు' మని గుండును గొట్టం మధ్యలోనే వదిలేయవచ్చు. ఆ మీద ఇంకొకటి పేలిస్తే గొట్టం పగిలి సొంత చేతికే ప్రమాదం. సిలిండర్ బిగుసుకుపోతే అప్పటికప్పుడు చేసేదేమీ లేదు, మరమ్మతువాడి దగ్గరకు పోవాల్సిందే. ఇంకొకటి, రివాల్వర్‌కు మామూలుగా సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ బరువే దానికి సేఫ్టీ. బాగా పాతకాలపు వాటిలో సుత్తి నేరుగా తూటా మీద ఆని ఉంటుంది కాబట్టి కిందపడితే పేలే ప్రమాదం ఉంది. అందుకే పాతవాళ్ళు సుత్తి కింద అరను ఖాళీగా ఉంచి అయిదే నింపేవాళ్ళు. తాతల నాటి రివాల్వర్ ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తూటా కొనేటప్పుడు ఒక పొరపాటు నేను ఫైళ్ళలో రెండుసార్లు చూశాను. రివాల్వర్ తూటా .32, పిస్టల్ తూటా .32. పేరు ఒకటే, సరుకు వేరు. రివాల్వర్‌ది పొడవు, అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పిస్టల్‌ది పొట్టి, అంచు లీలగా మాత్రమే ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకదానిలో వాడకూడదు. కొడుకును దుకాణానికి పంపి "32 తూటాలు పట్రా" అంటే సరిపోదు. అసలు కొడుకును పంపడమే తప్పు, లైసెన్సు ఎవరి పేరిట ఉంటే వాళ్ళే పోవాలి.

చేతుల బలం సంగతి మన వయసువాళ్ళు తప్పక చూసుకోవాలి. దుకాణంలో ఖాళీ పిస్టల్ చేతికిచ్చినప్పుడు స్లైడ్ మీ అంతట మీరు పదిసార్లు లాగి చూడండి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు నాలుగోసారికే బొటనవేలు మొరాయిస్తుంది. రివాల్వర్ ట్రిగ్గర్ కూడా సుత్తి లేపకుండా పదిసార్లు నొక్కండి. దానిదీ బరువే, వేలు వణికి గురి తప్పుతుంది. ఇంట్లో భార్య కూడా వాడగలదని అనుకుంటుంటే రెండు సంగతులు. మొదటిది, ఆమె పేరిట లైసెన్సు లేకపోతే ఆమె దాన్ని పట్టుకోవడమే నేరం కావచ్చు. రెండోది, ఆమె చేయి చూడాలి గానీ మీ చేయి కాదు.

బరువు తక్కువైతే మంచిదని అందరూ అనుకుంటారు. జేబుకు మంచిదే. కానీ తుపాకీ ఎంత తేలికైతే పేలినప్పుడు చేతికి కొట్టే దెబ్బ అంత ఎక్కువ. .32 తూటాది పెద్ద దెబ్బ కాదు గనక ఓర్చుకోవచ్చు.

ఇంతవరకూ విని మన సభ్యుడు, "అట్లయితే రివాల్వరే కదా సార్" అన్నాడు. అవును, నన్నడిగితే ఏటా అభ్యాసం చేయలేని ఇంటిమనిషికి రెండింటిలో రివాల్వరే. కనపడుతుంది, క్రమం తక్కువ, మరిచిపోయేది తక్కువ. షూటింగ్ క్లబ్బులో సభ్యత్వం ఉండి, నెలకొకసారైనా పేల్చేవాళ్ళకు పిస్టల్ తీసుకోవద్దని నేను చెప్పను. చేను కాపలాకు, అడవిపందులకు అయితే ఈ రెండూ కాదు, ఆ ఫైళ్ళన్నీ 12 బోరు తుపాకీవే.

కానీ ఆయన కథకు ఇది జవాబు కాదు, అదీ చెప్పాను. ఆ రాత్రి జరిగింది మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. స్కూటర్ మీద ఉన్నాడు. కుడిచెయ్యి హ్యాండిల్ మీద, ఎడమచెయ్యి ఒళ్ళో సంచి మీద. పక్కనుంచి బండి వచ్చి తగిలింది, పడ్డాడు, లేచేలోగా కత్తి చేతి మీద ఉంది. "అంతా అయ్యేసరికి ఎంతసేపు పట్టింది?" అన్నాను. "ఏముంది సార్, కన్ను మూసి తెరిచేంత." అప్పుడు నడుముకు పిస్టల్ ఉండి ఉంటే? మన దగ్గర చాలామంది భయంతో అరలో తూటా లేకుండా పెట్టుకుంటారు, అది మంచి అలవాటే. అట్లా ఉంటే రెండు చేతులూ కావాలి స్లైడ్ లాగడానికి. ఉన్నది ఒక చెయ్యి, అదీ తెగింది. రివాల్వర్ అయితే ఒక చేత్తో పేలుతుంది, నిజమే. చొక్కా కిందనుంచి బయటికి తీసేలోగా అవతలివాళ్ళు ఇద్దరు. సంచితో పాటు అదీ వాళ్ళ చేతికి పోయేది. అప్పుడు పోయేది డబ్బు కాదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మా ఆడమనిషి కూడా ఇదే అనింది సార్" అన్నాడు. కూలీల డబ్బు ఫోన్‌లోనో బ్యాంకులోనో వేయడం, శనివారం బదులు పగటిపూట పంచడం, మిగిలినది యూనిట్‌లోనే గోడకు బిగించిన పెట్టెలో పెట్టడం, రాత్రి ఇద్దరు కలిసి పోవడం, ఇవన్నీ కూర్చుని లెక్కేసుకున్నాం. ఎంత అయినా రివాల్వర్ ధరలో పదో వంతు కాలేదు. లైసెన్సు మీద రాసిన గడువు ఉంది, అంతలోగా నిదానంగా తేల్చుకోమన్నాను.

కొన్నవాళ్ళకు ఇంట్లో దాచడం గురించి. దిండు కింద, పూజగదిలో దేవుడి పటం వెనక, బియ్యం డబ్బాలో, ఇట్లాంటి చోట్లు విన్నాను. పిల్లలకు తెలియని చోటు ఇంట్లో ఉండదు. మనం చిన్నప్పుడు అటక మీద బెల్లం ఎట్లా కనుక్కున్నామో గుర్తు తెచ్చుకోండి. ఇనుప పెట్టె, గోడకు బిగించి, తాళం మీ దగ్గర. తూటాలు వేరే పెట్టెలో, తాళం వేరు. "అట్లయితే దొంగ వచ్చినప్పుడు తీసేదెట్లా" అంటారు. తీయలేరు, నిజమే. దొంగ ఏడాదికొకసారి కూడా రాడు, మనవడు రోజూ వస్తాడు. ఇంట్లో తాగుడు ఉన్నా, ఎవరికైనా మనసు బాగాలేకపోయినా, ఆస్తి తగాదా నడుస్తున్నా తుపాకీని ఇంట్లో ఉంచకండి. లైసెన్సున్న దుకాణంలోనో పోలీసు స్టేషనులోనో అప్పగించి రసీదు తీసుకోవచ్చు. నా బల్ల మీదికొచ్చిన విచారకరమైన ఫైళ్ళలో దొంగ కనపడినవి తక్కువ. ఇంటివాళ్ళే కనపడేవారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. ఆత్మరక్షణ హక్కు పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 సెక్షన్లలో ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా అదే ఉంది. ప్రాణం మీదికి లేదా తీవ్రగాయం మీదికి వచ్చినప్పుడు, ఇంకా కొన్ని ఘోర నేరాల ఎదుట, ప్రాణం తీసేదాకా ఆ హక్కు పోతుంది. కానీ అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షను చెబుతుంది. పోలీసుల రక్షణ కోరే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదని కూడా. సంచి తీసుకుని పరిగెడుతున్నవాడి వీపు మీద పేల్చినవాడికి ఈ సెక్షన్లు అంత సులభంగా గొడుగు పట్టవు. తుపాకీ సరదాగా గాలిలో పేల్చినా, పెళ్ళి ఊరేగింపులో పేల్చినా 2019 సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అదే సవరణతో లైసెన్సు కాలం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది, ఒక మనిషికి మూడు తుపాకులు ఉండవచ్చన్నది రెండుకు తగ్గింది. 21 ఏళ్ళు నిండాలి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని ఆయుధ చట్టం 14వ సెక్షనులోనే ఉంది. ఇది చాలామందికి తెలియదు, కొందరు గుమాస్తాలకు కూడా తెలియదు. కొడగులో కొడవలకు, జమ్మా భూమి ఉన్నవాళ్ళకు లైసెన్సు అక్కర్లేదన్న బ్రిటిషు కాలపు మినహాయింపును కేంద్రం 2029 దాకా పొడిగించింది. అది వాళ్ళకే. మడికేరిలో ఇల్లు కొన్నంత మాత్రాన మనకు వర్తించదు, ఈ సంగతి ఒక సభ్యుడు గట్టిగా వాదించినందువల్ల రాస్తున్నాను.

మనలాంటి సరిహద్దు తెలుగువాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైనది లైసెన్సులో 'చెల్లుబాటు ప్రాంతం' అన్న గడి. సాధారణంగా అక్కడ జిల్లా పేరో రాష్ట్రం పేరో ఉంటుంది. మన చుట్టరికాలు ఆ గడిలో ఇమడవు. బళ్ళారి నుంచి గుంతకల్లుకు పెళ్ళికి పోతే యాభై కిలోమీటర్లు, మంత్రాలయం దర్శనానికి పోతే ఇంకా దూరం, అది వేరే రాష్ట్రం. కృష్ణగిరి నుంచి కుప్పం, బరంపురం నుంచి ఇచ్ఛాపురం అంతే. యానాం వాళ్ళ సంగతి మరీ చిత్రం. చుట్టూ ఆంధ్రే, ఏ దారిన ఊరు దాటినా వేరే రాష్ట్రమే. కర్ణాటకకే చెల్లే లైసెన్సుతో రివాల్వర్‌ను కారు అరలో పెట్టుకుని గుంతకల్లు చేరితే, అక్కడ మీ దగ్గర లైసెన్సు లేనట్టే లెక్క. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే రెండేళ్ళకు తక్కువ కాకుండా అయిదేళ్ళ దాకా శిక్ష. మావాడే కదా, మా ఊరే కదా అన్నమాట చెక్‌పోస్టు దగ్గర చెల్లదు. రెండు రాష్ట్రాల్లో తిరగాల్సిన పని నిజంగా ఉంటే ప్రాంతం పెంచమని కారణాలతో అర్జీ పెట్టాలి. లేకపోతే ఊరికి పోయేటప్పుడు ఇనుపపెట్టెలోనే వదిలిపోవాలి. ఇల్లు ఒక జిల్లా నుంచి ఇంకొక జిల్లాకు మార్చినా కొత్త అధికారికి రాసి ఇవ్వాలి. ఎన్నికలప్పుడు తుపాకులు అప్పగించమని నోటీసు వస్తే అప్పగించి రసీదు జాగ్రత్త చేసుకోవాలి. రసీదు పోగొట్టుకుని తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది తిరిగినవాళ్ళను చూశాను.

ఇది రాయడానికి కూర్చున్నాకే ఇంకొక ఫోను వచ్చింది. మన సంఘంలో పాత సభ్యుడు, మేష్టారు, మూడేళ్ళ కిందట పోయారు. ఆయన భార్య చేసింది. "బీరువాలో ఆయన రివాల్వర్ అట్లనే ఉంది నాయనా, ఏం చేయాల?" అని. ఆయన ఉన్నప్పుడు దాన్ని పేల్చలేదు, చూపించలేదు. ఆమె దసరాకు కుంకుమ పెట్టి మళ్ళీ మూసేది. ఆ కుంకుమ పెట్టినన్నాళ్ళూ లైసెన్సు లేని ఆయుధం తన అధీనంలో ఉందని ఆమెకు తెలియదు.

లైసెన్సు పొలంలాగా వారసులకు రాదు. మనిషి పోగానే ఆ లైసెన్సు పోయినట్టే. ఇంట్లో ఉన్న ఆయుధాన్ని ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న దుకాణంలోనో జమచేయాలి. ఇది ఆయుధ చట్టం 21వ సెక్షను. జమ చేస్తే అది పోదు. వారసుల్లో ఒకరు తమ పేరిట లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు, వస్తే తీసుకోవచ్చు, వద్దంటే అమ్ముకోవచ్చు. 2016 ఆయుధ నియమావళిలో ఇంకొక వెసులుబాటు ఉంది. లైసెన్సుదారు బతికి ఉండగానే, 70 ఏళ్ళు నిండినా లేదా ఆ ఆయుధం పెట్టుకుని 25 ఏళ్ళయినా, ఏది ముందయితే అది, తాను ఎంచుకున్న వారసుడి పేరిట లైసెన్సుకు పెట్టించవచ్చు. మేష్టారుకు ఈ సంగతి నేను చెప్పి ఉండవచ్చు. ఆయనకు 70 దాటాయి, వారం వారం కలిసేవాళ్ళం, మాటల్లో రాలేదు.

ఆమెతో స్టేషనుకు నేనూ పోయాను. ముందురోజే స్టేషనుకు కబురుపెట్టి, మరణ ధ్రువీకరణ పత్రం, పాత లైసెన్సు పుస్తకం, ఒక తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాసిన అర్జీ తీసుకుపోయాం. రివాల్వర్‌ను ఆమె పాత తువ్వాలలో చుట్టి తెచ్చింది. అక్కడ గొళ్ళెం తీసి వంచితే ఆరు అరల్లో అయిదు నిండి ఉన్నాయి. సుత్తి కిందది ఖాళీ. మేష్టారు పద్ధతి గల మనిషి.

ఇట్లాంటి పాత ఆయుధాలు మన ఇళ్ళల్లో ఇంకా ఎన్ని ఉన్నాయో. ఉన్నవాళ్ళు భయపడకుండా ఆదివారం పది నుంచి పన్నెండు మధ్య సంఘం ఆఫీసుకు రండి, అర్జీ నేను రాసిపెడతాను. కాగితాలు మాత్రమే తీసుకురండి. ఆయుధాన్ని ఆఫీసుకు తేవద్దు.